ఓడినవారి ఉత్తరం

(కళాశాల పూర్వ విద్యార్థులు ఏర్పాటు చేసిన వ్యాయామ విద్యా స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికోసం ఏర్పాటైందో ఆయన్ని మా బ్యాచిలో ఎవరమూ పేరుపెట్టి పిలిచి ఎరగం. పి.డి. గారు, అంటే ఫిజికల్ డైరెక్టరుగారు, అనేవాళ్ళం. తెల్లవారుజామున మేం కళ్ళు నులుముకుంటూ గ్రౌండుకు వచ్చేసరికి ఆయన సున్నం డబ్బా పట్టుకుని కోర్టు గీతలు వేస్తూ కనిపించేవారు. గీత వంకరపోతే చీపురుతో ఊడ్చి మళ్ళీ వేసేవారు. ఆయన గురించి చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి కానీ, ఇవాళ ఒక్కటే చెబుతాను. మిగతా గంటంతా దాని వెంటే నడుస్తుంది.

నేను రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు అంతర్ కళాశాలల వాలీబాల్ ఫైనల్ పక్క జిల్లా కాలేజీతో ఆడాం. అయిదో సెట్టు. పద్నాలుగు, పదమూడు. వాళ్ళదే పైచేయి. నేను లిఫ్టర్ని. బంతి ఎత్తబోయి ముంజేయి నెట్టుకు తగిలింది. విజిల్ పడింది. అంతే, ఫైనల్ పోయింది. తిరుగు బస్సులో ఎవరూ నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున పి.డి. గారు నన్ను గదిలోకి పిలిచారు. బల్లమీద ఒక పోస్టు కార్డు పెట్టి పెన్ను చేతికిచ్చారు. "వాళ్ళ కెప్టెన్‌కి రాయి. బాగా ఆడారని రాయి. వచ్చే ఆదివారం మన గ్రౌండుకు రమ్మను. భోజనాలు మనవేనని కూడా రాయి" అన్నారు. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. "ఓడింది మనం కదండీ, మనం పిలవడమేమిటండీ?" అన్నాను. "గెలిచినవాడు పిలిస్తే అది డబ్బా కొట్టుకోవడం అవుతుందిరా. ఓడినవాడే పిలవాలి" అన్నారు.

వాళ్ళు వచ్చారు. మళ్ళీ ఓడాం, ఈసారి మూడు సెట్లలోనే. వేపచెట్టు కింద అందరం కలిసి విస్తళ్ళలో పులిహోర తిన్నాం. ఆ తరవాత నేను కాలేజీ వదిలిన చాలా ఏళ్ళదాకా ఆ రెండు కాలేజీలు ఏడాదికి రెండుసార్లు ఆడుతూనే ఉన్నాయి. ఎప్పుడు ఎవరు పిలవాలన్న అనుమానం ఎవరికీ రాలేదు.

పి.డి. గారికి ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో నేను అడగలేదు. చాలాకాలానికి విశ్వవిద్యాలయాల ఆటల చరిత్ర చదువుతూంటే అచ్చం ఆయన మాటే నాకు ఎదురైంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పడవ పందెంలో, పోయినేడు ఓడిన క్లబ్బే గెలిచిన క్లబ్బుకు సవాలు పంపాలి. అక్కడ అది సంప్రదాయం. అందుకే ఇవాళ ఆ రెండు విశ్వవిద్యాలయాల పోటీని నా విషయంగా తీసుకున్నాను. మన పత్రికలు హెడ్డింగులో చోటు చాలక "వర్సిటీ" అని వేస్తాయి చూడండి, ఆ మాట పుట్టిన చోటు కూడా అదే. యూనివర్సిటీ అన్న మాట తల నరికి, పాత ఉచ్చారణలో మిగిలిన తోకను ఆ విద్యార్థులు వాడుకున్నారు. ఆ రెండు జట్ల మధ్య జరిగే పోటీని మామూలుగా "వర్సిటీ మ్యాచ్" అంటారు.

ఈ పోటీ మొదలు ఏ అధికారి ఉత్తర్వుతోనో కాలేదు. ఇద్దరు స్నేహితులతో అయింది. చార్లెస్ వర్డ్స్‌వర్త్, చార్లెస్ మెరివేల్ హారో స్కూల్లో కలిసి చదువుకున్నారు. వర్డ్స్‌వర్త్ ఆ పేరుగల మహాకవికి తమ్ముడి కొడుకు. స్కూలు అయ్యాక ఇతను ఆక్స్‌ఫర్డ్ వెళ్ళాడు, మెరివేల్ కేంబ్రిడ్జ్ వెళ్ళాడు. కానీ వర్డ్స్‌వర్త్ తండ్రి కేంబ్రిడ్జ్‌లో ట్రినిటీ కళాశాలకు మాస్టర్. కాబట్టి సెలవులు వస్తే ఈ ఆక్స్‌ఫర్డ్ కుర్రవాడు ఇంటికి రావడమంటే కేంబ్రిడ్జ్‌కు రావడమే. పగవాడి ఊళ్ళోనే అతని ఇల్లు! అక్కడి కామ్ నదిలో పాత స్నేహితులతో పడవ వేసేవాడు. అలా రెండు చోట్లా కాలు పెట్టినవాడికి రెండు చోట్లనూ ఎదురెదురుగా నిలబెట్టాలని తోచింది.

మొదట క్రికెట్ అయింది. 1827 జూన్‌లో లండన్ లార్డ్స్ మైదానంలో రెండు జట్లూ ఆడాయి. వాన పడి ఆట తేలలేదు. రెండేళ్ళకు పడవల వంతు వచ్చింది. 1829 మార్చిలో కేంబ్రిడ్జ్ విద్యార్థులు సభ పెట్టుకుని, ఆక్స్‌ఫర్డ్‌కు సవాలు రాసి పంపారు. ఎనిమిది తెడ్ల పడవలతో లండన్ దగ్గర ఎక్కడైనా తేల్చుకుందామన్నారు. చివరకు జూన్ 10న థేమ్స్ మీద హెన్లీ దగ్గర పందెం జరిగింది. మొదటిసారి పడవలు ఒకదానికొకటి తగిలి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ గెలిచింది. సవాలు పంపినవాళ్ళు ఓడిపోయారు. ఓడినవాళ్ళకే మళ్ళీ పిలిచే హక్కు మిగిలింది.

ఆ హక్కును వెంటనే వాడుకున్నారా అంటే లేదు. రెండో పందెం జరగడానికి ఏడేళ్ళు పట్టింది. 1836లో, లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ నుంచి పట్నీ దాకా. ఆ రోజు పందెం మొదలవబోతుండగా కేంబ్రిడ్జ్ పడవకు గుర్తుగా ఏ రంగూ లేదని ఎవరికో తట్టిందట. పరుగున పోయి ఒక దుకాణంలో లేత నీలం రిబ్బను ముక్క కొనుక్కొచ్చి ముక్కుకు కట్టారు. అప్పుడు వాళ్ళే గెలిచారు. ఆ రిబ్బను ముక్కే ఆ విశ్వవిద్యాలయానికి రంగు అయిపోయింది. ఆక్స్‌ఫర్డ్‌ది ముదురు నీలం. ఇవాళ ప్రపంచమంతా గుర్తుపట్టే రెండు రంగుల్లో ఒకటి గజాల లెక్కన కొన్న గుడ్డ పేలిక నుంచి వచ్చింది.

1845 నుంచి పందెం పట్నీ, మోర్ట్‌లేక్‌ల మధ్యకు మారింది. 1856 నుంచి ఏటా జరుగుతోంది, యుద్ధాలప్పుడూ 2020లో కోవిడ్ అప్పుడూ తప్ప. దూరం నాలుగు మైళ్ళ 374 గజాలు, అంటే 6.8 కిలోమీటర్లు. మామూలుగా పడవ పందేలు తిన్నని నీళ్ళమీద, గీత గీసినట్టున్న దారిలో పెడతారు. ఇది అలా కాదు. థేమ్స్ అక్కడ పాములా మెలికలు తిరుగుతుంది. సముద్రపు పోటు నదిలోకి ఎదురెక్కే వేళ చూసి, ఆ పోటుతోపాటు పడవలు పైకి వెళతాయి. నది లోతుగా ఉన్నచోట పోటు బలంగా ఉంటుంది. చుక్కాని పట్టినవాళ్ళిద్దరూ ఆ సన్నని దారికోసం తెడ్లు తెడ్లు తగిలేంత దగ్గరగా కొట్లాడుకుంటారు. మొదట నాణెం ఎగరేసి ఎవరు ఏ ఒడ్డు వైపు అని కోరుకుంటారు. ఒక వంపు ఒకరికి కలిసొస్తే తరవాతి వంపు రెండోవారికి కలిసొస్తుంది.

ఈ పందెంలో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. తెడ్డు వేసే ఎనిమిదిమందీ వెనక్కి తిరిగి కూర్చుంటారు. ముందుకు చూసేది చుక్కాని దగ్గర కూర్చున్న తొమ్మిదో మనిషి ఒక్కరే. పడవ వీపువైపుకు పోతుంటుంది. అందువల్ల ముందున్న పడవలోని వాళ్ళకు వెనకబడ్డవాళ్ళు కళ్ళెదురుగా కనిపిస్తూనే ఉంటారు. వాళ్ళ తెడ్లు ఎంత గట్టిగా నీళ్ళలో పడుతున్నాయో, ఎక్కడ లయ తప్పుతోందో మొత్తం తెలుస్తుంది. వెనకబడ్డవాళ్ళకు మాత్రం ముందున్నవాళ్ళు కనబడరు. వాళ్ళు వదిలిన అలలు మాత్రం తమ పడవకు తగులుతుంటాయి. చుక్కాని మనిషి గొంతును నమ్మి తెడ్డు వేయాలి. దాదాపు పద్దెనిమిది నిమిషాలు. ఓటమిని అంత సేపు, అంత దగ్గరగా, చూడకుండా మోసే ఆట నాకు ఇంకోటి తెలియదు.

1877లో ఇద్దరూ సమానమని తీర్పు వచ్చింది. ఇన్నేళ్ళలో అది ఒక్కసారే. 1912లో గాలివానకు కేంబ్రిడ్జ్ పడవ మునిగిపోయింది. ఆక్స్‌ఫర్డ్ పడవలోకీ నీళ్ళు నిండి ఒడ్డుకు చేర్చి కుమ్మరించాల్సి వచ్చింది. ఆ పందెం లెక్కలోకి రాదన్నారు. ఒక రోజు ఆగి సోమవారం మళ్ళీ పెట్టారు. ఆక్స్‌ఫర్డ్ గెలిచింది. రెండేళ్ళకు యుద్ధం వచ్చింది. ఆ పడవల్లో కూర్చున్న కుర్రవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు.

పడవలనుంచి నేలమీదికి వస్తాను. ఎదురెదురుగా నిలబడాలంటే ముందు ఇద్దరి ఆటా ఒకటే కావాలి కదా. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఫుట్‌బాల్ అంటే ఏ స్కూలుకు ఆ స్కూలు ఆట. ఒకచోట బంతిని చేత్తో పట్టుకోవచ్చు, ఇంకోచోట కూడదు. ఒకచోట ఎదుటివాడి పిక్కమీద తన్నడం ఆటలో భాగం. ఈ పిల్లలంతా కేంబ్రిడ్జ్‌లో చేరి సాయంత్రాలు పార్కర్స్ పీస్ అనే పచ్చిక మైదానంలో కలిసి ఆడబోతే ఎవడి నియమం వాడిది. 1848లో ఒక సాయంత్రం కొందరు విద్యార్థులు ట్రినిటీలో ఒక గదిలో కూర్చుని, ఒక్కో స్కూలు నియమాలూ ముందేసుకుని, అర్ధరాత్రి కావస్తుండగా ఒక ఒప్పందానికి వచ్చారు. వాటినే కేంబ్రిడ్జ్ నియమాలంటారు. 1863లో ఫుట్‌బాల్ అసోసియేషన్ తన నియమాలు కూర్చుకున్నప్పుడు వీటి ప్రభావం వాటిమీద బాగా పడింది. ఈవేళ మన పల్లెల్లో పిల్లలు చెప్పులు రెండు గోల్ పోస్టుల్లా పెట్టుకుని ఆడే ఆట మూలాల్లో ఆ రాత్రి మాటామంతీ ఉంది. మైదానంలో పోట్లాడుకునేవాళ్ళు గదిలో కూర్చుని ఒకే కాగితంమీదికి రావడం, గోల్ కొట్టడంకన్నా కష్టమైన పని అని నా నమ్మకం.

తరవాత ఒక్కో ఆటా ఈ వరసలో చేరింది. 1864లో అథ్లెటిక్స్, 1872లో రగ్బీ, 1874లో ఫుట్‌బాల్. అట్లాంటిక్ అవతల హార్వర్డ్, యేల్‌లు 1852లోనే ఒక సరస్సుమీద పడవ పందెం వేసుకున్నాయి. అమెరికాలో కాలేజీల మధ్య ఆటలు అక్కడే మొదలు. అమెరికాలో అది కోట్ల డాలర్ల వ్యాపారంగా పెరిగిన కథ వేరు, దాని జోలికి ఇవాళ వెళ్ళను.

ఈ పోటీలనుంచే "బ్లూ" అనే గౌరవం పుట్టింది. విశ్వవిద్యాలయపు నీలం కోటు వేసుకునే అర్హత అది. ఏడాదంతా ఎన్ని పరుగులు చేశావు, ఎన్ని వికెట్లు తీశావు అని చూసి దాన్ని ఇవ్వరు. అవతలి విశ్వవిద్యాలయంమీద జరిగే ఆ ఒక్క పోటీలో జట్టులో ఉండాలి. ఓడినా సరే, బ్లూ బ్లూయే. అంటే ఆక్స్‌ఫర్డ్ లేనిదే కేంబ్రిడ్జ్‌లో ఎవడికీ ఆ కోటు లేదు. ఎదుటివాడు వచ్చి నిలబడితేనే నీ గౌరవం నీకు దక్కుతుంది. ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు ఏ ఆటల చరిత్రలోనూ కనిపించలేదు.

ఆ కోటు ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అన్న ప్రశ్న కూడా అడగాలి. మన వాళ్ళ కథ అక్కడే మొదలవుతుంది.

జామ్‌నగర్ రాజవంశం నుంచి వెళ్ళిన రంజిత్‌సింగ్‌జీ కేంబ్రిడ్జ్‌లో ఎన్నో పరుగులు చేస్తున్నా 1892లో అతనికి జట్టులో చోటు దొరకలేదు. అప్పటి కెప్టెన్ స్టాన్లీ జాక్సన్. ఆ శీతాకాలం జాక్సన్ లార్డ్ హాక్ జట్టుతో భారతదేశానికి వచ్చి ఇక్కడివాళ్ళు ఎలా ఆడతారో చూశాడు. వెనక్కి వెళ్ళాక 1893లో రంజీకి బ్లూ ఇచ్చాడు. మూడేళ్ళకు రంజీ ఇంగ్లండు తరఫున మాంచెస్టర్‌లో తన మొదటి టెస్టులోనే 154 నాటౌట్ కొట్టాడు. మన దేశవాళీ ట్రోఫీకి ఆయన పేరే పెట్టుకున్నాం. జాక్సన్ సంగతి చెప్పాలంటే, ఆయన 1927లో బెంగాల్ గవర్నరయ్యాడు. 1932 ఫిబ్రవరిలో కలకత్తా విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో బీనా దాస్ అనే విద్యార్థిని ఆయనమీద తుపాకి పేల్చింది. గుళ్ళు తగల్లేదు. ఆమెకు తొమ్మిదేళ్ళ కఠిన శిక్ష పడింది. ఒక విశ్వవిద్యాలయపు పచ్చికమీద ఇంకొకరికి చోటు ఇవ్వాలా వద్దా అని నిర్ణయించిన మనిషే మరో విశ్వవిద్యాలయపు వేదికమీద ఒక పరాయి పాలనకు ముఖంగా నిలబడ్డాడు. ఈ రెండు పోటీజట్లనుంచి వెళ్ళినవాళ్ళే వలసలను ఏలారన్న మాట మరిచి ఈ చరిత్రను పొగడడం నాకు చేతకాదు.

మన తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి మనిషి కోటా రామస్వామి. ఈయన దగ్గర నేను కాసేపు ఆగుతాను. మద్రాసులో బుచ్చిబాబు నాయుడని ఒక తెలుగు సంపన్నుడు ఉండేవారు. చేపాక్ మైదానంలో దొరల క్లబ్బు పెవిలియన్ గుమ్మం మన వాళ్ళు ఎక్కకూడదు, చెట్లకింద కూర్చుని భోజనాలు చేయాలి. అది భరించలేక ఆయన మద్రాస్ యునైటెడ్ క్లబ్బు పెట్టారు. మనవాళ్ళకూ దొరలకూ మధ్య ప్రెసిడెన్సీ మ్యాచ్ జరగాలని పట్టుబట్టి ఏర్పాటు చేశారు. అది 1908లో మొదలయ్యేలోపే కన్నుమూశారు. ఆయనదీ ఒక సవాలే. ఓడినవాడి సవాలుకన్నా కష్టమైనది, గుమ్మం అవతల నిలబెట్టబడ్డవాడి సవాలు.

రామస్వామి ఆయన కొడుకు. 1896లో పుట్టారు. తల్లివైపు కుటుంబానికి దత్తు వెళ్ళడంతో ఇంటిపేరు కోటా అయింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక కేంబ్రిడ్జ్ వెళ్ళారు. ఎడమచేతి బ్యాట్స్‌మన్. అయినా అక్కడ క్రికెట్‌లో బ్లూ రాలేదు. టెన్నిస్‌లో వచ్చింది. చదువుకుంటూండగానే 1922లో భారతదేశం తరఫున డేవిస్ కప్పు ఆడారు. తిరిగొచ్చి వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసుకుంటూ క్రికెట్ ఆడుతూనే ఉన్నారు. 1936లో భారత జట్టు ఇంగ్లండు వెళ్ళింది. కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అదే మన విజ్జీ. మాంచెస్టర్ టెస్టులో రామస్వామిని దించారు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. మొదటి ఇన్నింగ్స్‌లో 40, రెండో ఇన్నింగ్స్‌లో 60 కొట్టారు. తరవాతి ఓవల్ టెస్టులో 29, 41 నాటౌట్. ఆడినవి రెండే టెస్టులు, సగటు 56.66. కేంబ్రిడ్జ్ క్రికెట్‌లో రాని నీలం కోటు సంగతి ఆ మాంచెస్టర్ ఉదయాన ఆయనకు గుర్తొచ్చిందో లేదో. నాకైతే ఆ స్కోరు కార్డు చూసిన ప్రతిసారీ గుర్తొస్తుంది. 1985 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో మద్రాసులో ఇంటినుంచి బయటికి వెళ్ళిన ఆ పెద్దాయన తిరిగి రాలేదు. ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు.

ఆయన తరవాతి తరంలో పటౌడీ నవాబులు తండ్రీ కొడుకులిద్దరూ ఆక్స్‌ఫర్డ్ వాళ్ళే. తండ్రి కథలో ఒక్క ముచ్చట. 1931 వర్సిటీ మ్యాచ్‌లో కేంబ్రిడ్జ్ ఆటగాడు అలన్ రాట్‌క్లిఫ్ 201 కొట్టి రికార్డు నెలకొల్పాడు. మర్నాడు పటౌడీ 238 నాటౌట్ కొట్టి ఆ రికార్డును దాటేశారు. రాట్‌క్లిఫ్ రికార్డు ఒక్కరోజు బతికింది. కానీ అది లేకపోతే రెండోది పుట్టేదా? మన హైదరాబాదు కుర్రవాడు అబ్బాస్ అలీ బేగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా 1959లో భారత జట్టుకు గాయాల బెడద వచ్చి పిలుపు అందుకున్నాడు. ఇరవయ్యేళ్ళ వయసులో, మళ్ళీ మాంచెస్టర్‌లోనే, మొదటి టెస్టులో 112 కొట్టాడు. కొడుకు పటౌడీ 1961లో ఆక్స్‌ఫర్డ్ కెప్టెన్‌గా ఉండగా కారు ప్రమాదంలో కుడి కన్ను చూపు పోయింది. ఏడాది తిరక్కుండానే, ఇరవై ఒకటో ఏట, భారత జట్టుకు కెప్టెనయ్యాడు. తరవాత హైదరాబాదుకు రంజీ మ్యాచ్‌లూ ఆడాడు.

ఇప్పటిదాకా చెప్పిన పేర్లన్నీ మగవాళ్ళవే. గమనించే ఉంటారు. 1897లో కేంబ్రిడ్జ్‌లో ఆడవాళ్ళకు డిగ్రీ ఇవ్వాలా అని ఓటింగు పెట్టినప్పుడు, మగ విద్యార్థులు సైకిలు తొక్కుతున్న ఆడమనిషి బొమ్మను వీధిలో వేలాడదీశారు. డిగ్రీ అడిగే ఆడదాని గుర్తుగా వాళ్ళకు తోచింది సైకిలు, అంటే ఆట వస్తువు. ఆ ఓటింగులో ఆడవాళ్ళు ఓడిపోయారు. 1927లో మొదటి మహిళల పడవ పందెం ఆక్స్‌ఫర్డ్‌లో జరిగింది. పక్కపక్కన పందెం వేయడం ఆడపిల్లలకు తగదని, రెండు పడవలనూ విడివిడిగా నడిపించి, తెడ్డు వేసే తీరునూ వేగాన్నీ చూసి తీర్పు చెప్పారు. ఒడ్డున చేరిన జనంలో ఎగతాళి చేసినవాళ్ళు చాలామంది. కేంబ్రిడ్జ్ తరఫున వచ్చింది న్యూన్‌హామ్ కళాశాల అమ్మాయిలు. ఏ విశ్వవిద్యాలయం పేరుకోసం తెడ్డు పట్టారో అది అప్పట్లో వాళ్ళకు పూర్తి డిగ్రీ ఇచ్చేది కాదు. కేంబ్రిడ్జ్ ఆడవాళ్ళకు పూర్తి డిగ్రీ ఇచ్చింది 1948లో. ఇరవయ్యొక్క ఏళ్ళు ముందుగా వాళ్ళు ఆ రంగును నీళ్ళమీద మోశారు.

1981లో స్యూ బ్రౌన్ ఆక్స్‌ఫర్డ్ మగవాళ్ళ పడవకు చుక్కాని పట్టి గెలిపించింది. ఆ పందెంలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమె. మహిళల పందేన్ని మగవాళ్ళ పందెం రోజునే, అదే నదిమీద, అదే దూరం పెట్టడానికి మాత్రం 2015 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మరుసటేడు జరిగింది చెబుతాను. 2016లో గాలికి అలలు లేచి కేంబ్రిడ్జ్ అమ్మాయిల పడవలోకి నీళ్ళు వచ్చేశాయి. అంచు నీళ్ళతో సమానమైపోయింది. ఆక్స్‌ఫర్డ్ అప్పటికే చాలా ముందుకు పోయింది. ఆపేయవచ్చు, ఎవరూ ఏమీ అనరు. వాళ్ళు ఆపలేదు. నడుములోతు నీళ్ళలో కూర్చున్నట్టు, ఒక్కో తెడ్డూ బురదలోంచి లాగినట్టు లాగుతూ చివరిదాకా వెళ్ళారు. దారుణంగా ఓడిపోయారు. అయినా ఓడిన క్లబ్బుగా సవాలు పంపే హక్కును వాళ్ళు గమ్యం దాకా మోసుకెళ్ళారని నాకు అనిపిస్తుంది. 2017లో అదే నదిమీద కేంబ్రిడ్జ్ మహిళలు కొత్త రికార్డు సమయంతో గెలిచారు.

ప్రత్యర్థి అంటే ఎవరన్న ప్రశ్నకు నాకు బాగా నచ్చిన జవాబు పరుగులో దొరికింది. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో ఇఫ్లీ రోడ్డు ట్రాకుమీద రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకండ్లలో పరిగెత్తాడు. నాలుగు నిమిషాల లోపు మైలు మనిషివల్ల కాదనుకుంటున్న రోజులవి. సాయంత్రం దాకా గాలి. పరిగెత్తాలా వద్దా అని చివరిదాకా తేల్చుకోలేకపోయాడు. ఆ పరుగులో మొదటి రెండు చుట్లూ అతని ముందు పరిగెత్తి గాలిని తనమీద వేసుకుని వేగం నిలబెట్టినవాడు క్రిస్ బ్రాషర్. తరవాత ఆ పని చాటవే అనే మరో ఆటగాడు అందుకున్నాడు. చాటవే ఆక్స్‌ఫర్డ్. బ్రాషర్? కేంబ్రిడ్జ్. ఆ రోజు ముగ్గురూ ఒకే జట్టు తరఫున పరిగెత్తారు, నిజమే. కానీ ఆక్స్‌ఫర్డ్ ట్రాకుమీద ఒక ఆక్స్‌ఫర్డ్ మనిషిని చరిత్రలోకి తోసిన వీపు కేంబ్రిడ్జ్‌ది.

అక్కడ అంతా సవ్యంగా ఉందని చెప్పడం లేదు. 1987లో ఆక్స్‌ఫర్డ్ పడవలో అమెరికా నుంచి వచ్చిన ఆటగాళ్ళకూ కోచ్‌కూ పడక తిరుగుబాటు జరిగింది. వాళ్ళు వెళ్ళిపోతే రెండో జట్టులోవాళ్ళను కూర్చోబెట్టి గెలిచారు. 2019లో నలభై ఆరేళ్ళ ఒలింపిక్ విజేత జేమ్స్ క్రాక్‌నెల్ విద్యార్థిగా చేరి కేంబ్రిడ్జ్ పడవలో కూర్చుని గెలిచాడు. విద్యార్థి అంటే ఎవరన్న వాదం అప్పటినుంచి ఇంకా పెరిగింది. 2025లో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న కొందరు కేంబ్రిడ్జ్ విద్యార్థులను అర్హులు కారని పక్కన పెట్టారు. రేపు పిల్లలకు పాఠం చెప్పబోయేవాడు విద్యార్థి కాడని ఒక ఆటల నియమం చెప్పడం నాకు బాధ కలిగించింది. మన పి.డి. గారు కూడా అలాంటి శిక్షణ పొంది వచ్చినవారే కదా. 2024లో థేమ్స్ నీళ్ళలో మురుగు ఎక్కువై, ఆక్స్‌ఫర్డ్ ఆటగాళ్ళు కొందరికి కడుపు చెడింది. గెలిచినవాళ్ళు చుక్కాని మనిషిని సంబరంగా నదిలో పడేసే ఆనవాయితీని ఆ ఏడు వద్దన్నారు. క్రికెట్ వర్సిటీ మ్యాచ్‌కు ఫస్ట్‌క్లాస్ హోదా కూడా పోయింది.

ఇక మన సంగతి. మన విశ్వవిద్యాలయాల మధ్య ఆటలు లేవా? ఉన్నాయి. 1935లో రోహింటన్ బారియా ట్రోఫీ మొదలైంది. బొంబాయికి చెందిన ఒక తండ్రి చనిపోయిన కొడుకు పేరిట ఇచ్చిన కప్పు అది. అదీ ఒక స్మారకమే. గావస్కర్‌లాంటివాళ్ళు అక్కడినుంచి పైకొచ్చారు. రామస్వామి కెప్టెన్ విజ్జీ పేరిట విశ్వవిద్యాలయాల జోన్ జట్లకు విజ్జీ ట్రోఫీ ఉంది. అన్ని ఆటలూ కలిపి మేటి అయిన విశ్వవిద్యాలయానికి 1956–57 నుంచి మౌలానా ఆజాద్ ట్రోఫీ ఇస్తున్నారు. ఇవన్నీ గొప్పవే. ఆటగాళ్ళను తయారుచేశాయి.

కానీ మన పోటీలు చాలావరకు నాకౌట్లు. ఓడినవాడు బ్యాగు సర్దుకుని సాయంత్రం రైలు ఎక్కుతాడు. వచ్చే ఏడు డ్రాలో ఎవరు తగులుతారో తెలియదు. తనను ఓడించిన జట్టు మళ్ళీ జీవితంలో ఎదురుపడకపోవచ్చు. గెలుపు రికార్డు పుస్తకంలోకి ఎక్కుతుంది, ఓటమికి నిలవడానికి చోటే లేదు. ఓటమికి చోటు లేనిచోట పోటీకి వయసు పెరగదు. ప్రతి ఏడూ కొత్తగా పుట్టి, ఆ ఏడే చచ్చిపోతుంది. మన రెండు రాష్ట్రాల్లో పాత విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, పాత కాలేజీలు ఉన్నాయి. ఏదో ఒక ఆట, ఏదో ఒక తారీఖు, ఏ రెండు సంస్థలైనా సరే. ప్రేక్షకులు వందమంది వచ్చినా చాలు. ఓడినవాళ్ళు పిలవాలి, గెలిచినవాళ్ళు రావాలి, ఆ రోజు భోజనం పిలిచినవాళ్ళది. దీనికి స్టేడియం అక్కర్లేదు, ప్రాయోజకుడు అక్కర్లేదు. ఈ సభలో ఉన్న ఫిజికల్ డైరెక్టర్లను నేను చేతులు జోడించి అడుగుతున్నది ఇదే.

మొదట చెప్పిన ఇద్దరు స్నేహితులు ఏమయ్యారో చెప్పలేదు. వర్డ్స్‌వర్త్ స్కాట్లండులో బిషప్పు అయ్యాడు. సవాలు పంపి ఓడిన పడవలో ఉన్న మెరివేల్ రోమన్ చరిత్ర రాసి పేరు తెచ్చుకుని, 1869లో ఈలీ అనే చిన్న ఊళ్ళో పెద్ద చర్చికి డీన్‌గా వెళ్ళాడు. చివరిదాకా అక్కడే ఉన్నాడు. ఆ ఊరు ఊజ్ నది ఒడ్డున ఉంటుంది. 2021లో కోవిడ్ వల్లా, లండన్‌లో హామర్‌స్మిత్ వంతెన బీటలువారడంవల్లా థేమ్స్ మీద పందెం పెట్టే వీలు లేకపోయింది. పందేన్ని ఈలీకి తీసుకెళ్ళారు. ప్రేక్షకులను రానివ్వలేదు. ఒడ్డు ఖాళీగా ఉంది. ఆ నీళ్ళమీద కేంబ్రిడ్జ్ మహిళలూ గెలిచారు, మగవాళ్ళూ గెలిచారు. మరుసటేడు సవాలు పంపే వంతు ఆక్స్‌ఫర్డ్‌ది. ఆ ఏడు పందెం మళ్ళీ థేమ్స్‌కు వచ్చింది. మగవాళ్ళ పోటీలో ఆక్స్‌ఫర్డ్ గెలిచింది.